ఆదివారం ఆరేసిన గుడ్డలు

కొడుకు పుడతాడని, డోనల్డ్ అని పేరు పెట్టాలని తండ్రి ముందే ఖాయం చేసుకుని కూర్చున్నాడు. పుట్టింది ఆడపిల్ల. అనుకున్న పేరు వదులుకోవడానికి మనసొప్పక, దానికే తోక తగిలించి డోలీనా అన్నాడు. డ్రమ్‌గార్వ్‌లో ఇలాంటి పేర్లు ఇంటికొకటి ఉంటాయి కాబట్టి ఎవరూ నవ్వలేదు. నాలుగేళ్ళకు కొడుకు పుట్టేసరికి ఆ పేరు కాస్తా ఖర్చయిపోయింది, వాడికి తాత పేరు యూవన్ అని పెట్టారు.

"నా పేరు కూడా నువ్వే కొట్టేశావు" అని యూవన్ మాథెసన్ జీవితాంతం అక్కను దెప్పేవాడు.

"పేరొక్కటేనా? నీకు రావలసిన పొగరు కూడా నేనే తీసుకున్నాను" అనేది ఆమె.

అందులో అబద్ధమేమీ లేదు. యూవన్ మెత్తటి మనిషి. చర్చి పెద్దల్లో ఒకడు, ఊరివాళ్ళ తప్పులూ శిక్షలూ ఎక్కించే పెద్దల పుస్తకం రాసేవాడు, ఎదుటివాడి టోపీ చూసి మాట్లాడేవాడు. డోలీనా ఎదుటివాడి ముఖం చూసి మాట్లాడేది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, రోజుకు రెండుసార్లు పోట్లాడుకుంటూ బతికారు.

ఊరికీ సముద్రానికీ మధ్య, వాగు పక్కన, ఎకరం పచ్చిక ఉంది. పైలోయలో ఉన్న జనాన్ని ఎస్టేటు దొరలు గొర్రెల కోసం వెళ్ళగొట్టి ఈ రాళ్ళ ఒడ్డున పడేసిన రోజుల్లో, ఆ ఎకరం ఒక్కటే జనానికి మిగిలింది. ఉప్పుగాలికి అక్కడ గొర్రెలు కూడా మేయవు మరి. ఆడవాళ్ళు వాగులో గుడ్డలు ఉతికి ఆ గాలికి ఆరేశారు. తర్వాత ఊరి కమ్మరి ఇరవై రెండు ఇనుప గుంజలు పాతాడు. ఏ ఇంటి దండెం ఏదో అప్పటినుంచీ ఖాయం. కోడలు వస్తే అత్త దండెం ఆమెకు వస్తుంది. డ్రమ్‌గార్వ్ ఆడవాళ్ళకు పొలం లేదు, పుట్ర లేదు, ఉన్న ఆస్తి ఆ తాడు.

డోలీనా ఆ తాళ్ళ కిందే పెరిగింది. ఆరేళ్ళప్పుడు తల్లికి చెక్క క్లిప్పులు అందించింది. పదిహేనేళ్ళకు ఊరి పిల్లలతో కలిసి హెర్రింగ్ చేపలు కోసే పనికి రేవుల వెంట వెళ్ళింది. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని, నిమిషానికి అరవై చేపలు కోసి పీపాల్లో సర్దేది. తల్లి మంచం పట్టాక తిరిగొచ్చి, ఎస్టేటు బంగళాలో చాకిరేవు పనికి కుదిరింది. అక్కడ జరిగిందే ఆమెను ఊళ్ళో పేరున్న మనిషిని చేసింది.

1936లో బంగళాకి వేటకొచ్చిన దొరల చొక్కాలకు పిట్టల నెత్తురంటింది. సోమవారం పొద్దున్నే వాళ్ళు రైలెక్కాలి. ఆదివారం మధ్యాహ్నం ఆ చొక్కాల మూట తెచ్చి ఉతకమంది బంగళా పెత్తందారిణి.

"ఉతుకుతాను, రేపు తెల్లారగట్ల" అంది డోలీనా.

"ఇవాళే కావాలి."

"అయితే మీరే ఉతుక్కోండమ్మా. రేవు ఖాళీగానే ఉంది."

ఏప్రన్ విప్పి బల్ల మీద మడతపెట్టి, మూడు మైళ్ళు నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత ఎస్టేటు గడప తొక్కనివ్వలేదు, ఊళ్ళో వేరే పని లేదు. ముప్ఫై ఒకటో ఏట మళ్ళీ చేపల కత్తి పట్టి, తనకంటే సగం వయసు పిల్లల పక్కన నిలబడి, తొమ్మిదేళ్ళు వేళ్ళ కోతల్లో ఉప్పు పట్టించుకుంది.

ఆదివారమంటే ఆ ఊరికి అంత పట్టింపు. శనివారం పొద్దు గూకేలోపు బంగాళాదుంపలు ఒలిచేయాలి, నీళ్ళు తోడేయాలి, దండేల మీద ఒక్క మేజోడు కూడా మిగలకూడదు. కోడిపుంజును బుట్ట కింద కమ్మేసే ఇళ్ళు కూడా ఉండేవి. విశ్రాంతి దినం కోసం నోటి దగ్గరి కూడు వదులుకున్న మనిషి అని పాస్టరుగారు డోలీనా గురించి ప్రసంగంలో చెప్పాడు. కొత్త పాస్టరు వచ్చినప్పుడల్లా ఆ కథ ఆయనకు టీ కంటే ముందే అందేది. అందుకే ప్రభు బల్ల మీద పరిచే గుడ్డలు ఆమె చేతికిచ్చారు. నాలుగు తెల్లటి నార గుడ్డలు, ఒక్కొక్కటి ముప్ఫై అడుగులు. ఏడాదికి రెండుసార్లు బల్ల ఆరాధన, ఊరంతా ఆ బల్లల దగ్గర కూర్చుని ప్రభువు పేర రొట్టె పంచుకుంటుంది. రెండుసార్లూ వాటిని ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, శనివారం సాయంత్రం చర్చిలో పొడుగు బల్లల మీద పరిచేది. ఆ పని ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకునేది కాదు.

1966లో ఎస్టేటు చేతులు మారింది. కొత్త యజమానులు ఎవరో ఊరికి తెలియదు, వాళ్ళ మేనేజరు పెటిగ్రూ మాత్రం బాగానే తెలిశాడు. వచ్చిన నెలకే పచ్చిక మీద కర్రలు పాతించి కొలతలు తీయించాడు. వేసవిలో షికారుకొచ్చే వాళ్ళకు చక్రాల ఇళ్ళు పెడతారట. అడిగితే, ఎస్టేటు పటంలో అది బీడని రాసి ఉంది పొమ్మన్నాడు.

తప్పు ఊరిదీ ఉంది, దాచుకోవడమెందుకు. గుడ్డలు పిండే మిషన్లు వచ్చాక ఆడవాళ్ళు పెరట్లోనే ఆరేసుకోవడం మొదలుపెట్టారు. ఇరవై రెండు గుంజల్లో డోలీనా దండెం ఒక్కటే వారం వారం నిండేది.

"ఏమే బారబల్, నీ మిషను గుడ్డలు పిండుతుందా, నములుతుందా?" అని పక్కింటి బారబల్‌ని ఏడిపించేది డోలీనా. "నీ అత్త దండెం తుప్పు పట్టి ఏడుస్తోంది, ఒక్కసారి వచ్చి పలకరించు."

బారబల్ నవ్వి ఊరుకునేది. కర్రలు పాతాక నవ్వడం మానేసింది. అందరూ కలిసి టౌనులో వకీలు దగ్గరికెళ్ళారు. ఆయన దావా వేసి, అసలు సంగతి చెప్పాడు: విచారణ మంగళవారం, అప్పటిదాకా గుంజలు నిలబడి గుడ్డలు ఆరుతుంటే పెటిగ్రూ వేలు పెట్టలేడు, గుంజలే పోయి నేల చదునైపోతే ఇక జడ్జిగారికి చూపించడానికేమీ ఉండదు.

ఆ మంగళవారానికి ముందు ఆదివారమే జూన్ నెల బల్ల ఆరాధన.

శనివారం మధ్యాహ్నం బారబల్ వగర్చుకుంటూ వచ్చింది. ఆమె సత్రంలో గదులు ఊడుస్తుంది.

"అక్కా, సత్రంలో ఒకడు దిగాడు. వాటీ అట, బకీ రేవు నుంచి వచ్చాడు. బుల్డోజరు తోలతాడట. ఎస్టేటు షెడ్లో పెట్టారు దాన్ని."

"పని సోమవారమా?"

"రేపట! పదకొండింటికి. 'ఆదివారం ఎక్కడైనా పని చేస్తారా' అని నేనడిగితే, 'ఆ టైములో అడ్డొచ్చేవాడు ఉండడని మేనేజరు చెప్పాడమ్మా' అన్నాడు. పాపం, వాడికేం తెలుసు."

డోలీనాకు ఒళ్ళు మండిపోయింది. నేల తీసుకుంటున్నందుకు కాదు, ఎలా తీసుకుంటున్నాడో చూసినందుకు. పదకొండింటికి ఊరు ఊరంతా చర్చిలో ఉంటుంది. బల్ల ఆరాధన మూడు గంటలు, మధ్యలో ఒక్కడూ లేవడు. దండేల మీద పీలిక కూడా ఉండదు. ఊరి భక్తినే తాళంచెవి చేసుకుని ఊరి తలుపు తీస్తున్నాడు పెటిగ్రూ.

భోజనం దగ్గర యూవన్‌కి చెప్పింది.

"పాస్టరుగారు ఒక ఉత్తరం రాస్తారులే" అన్నాడు యూవన్, చేప ముల్లు తీసుకుంటూ.

"బుల్డోజరు ఉత్తరాలు చదువుతుందట్రా?"

"మరేం చేద్దామంటావు? రేపు ఆదివారం."

"అవును, ఆదివారం" అని ఆమె గిన్నెలు తీసుకుని లేచింది. అక్క మాట్లాడకుండా గిన్నెలు కడిగితే ఏదో మూడినట్టేనని యూవన్‌కి అరవై ఏళ్ళు దగ్గరపడ్డా తెలిసిరాలేదు.

ఆ సాయంత్రం చర్చిలో బల్లల మీద గుడ్డలు పరిచింది. బల్లకు యోగ్యులైన వాళ్ళకు పెద్దలు ఇచ్చే సీసపు బిళ్ళ అందరితోపాటు తీసుకుంది. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు చర్చి తాళం తీసుకుని వెళ్ళి, పరిచిన గుడ్డలు నాలుగూ తీసి బుట్టలో వేసుకుని పచ్చిక మీదికి నడిచింది.

తన సొంత దుప్పట్లు వేయాలని ముందు అనుకుంది. కానీ ముసలిదాని దుప్పట్ల మీదుగా బుల్డోజరు తోలడానికి పెటిగ్రూకి ఎంతసేపు పడుతుంది? ఈ గుడ్డలైతే వాటి కోసం ఊరు తనంతట తానే కదిలి వస్తుంది.

మొదటి క్లిప్పు పెట్టడం చేతకాలేదు. ఆదివారాన్ని కాపాడటానికే కదా తొమ్మిదేళ్ళు ఉప్పులో చేతులు పెట్టింది. ఆ తొమ్మిదేళ్ళనూ ఇప్పుడు తనే వాగులో పారేస్తోంది. ఏడుపొచ్చింది, కోపం అంతకంటే ఎక్కువొచ్చింది. "నీ గుడ్డలే ఇవి, నువ్వే చూసుకో" అని దేవుడితో పైకే అనేసి, క్లిప్పు నొక్కింది. ఆ తర్వాత చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తన తల్లి దండెం మీద ఒకటి, బారబల్ అత్త దండెం మీద ఒకటి, మిగతా రెండూ వాగు వైపు. గాలికి నాలుగూ లేచి చప్పుడు చేశాయి.

బల్లలు బోసిగా ఉండటం మొదట చూసినవాడు యూవనే. కిటికీలోంచి పచ్చిక మీది తెల్లదనం కనిపించింది. నల్లకోటుతో పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! ఇవాళ ఏ రోజో తెలుసా?"

"నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందిరా?"

"తీసెయ్. ఎవరూ చూడకముందే తీసెయ్."

"నేను తియ్యను. ఆదివారం దండెం మీంచి గుడ్డ తియ్యడం కూడా పనే. ఆ పని పాపమని నువ్వే కదా ప్రతి ఏడూ చదివి వినిపిస్తావు!"

అప్పటికే చర్చికి బయల్దేరిన జనం దారి మళ్ళి ఇటే వస్తున్నారు. ముందు పాస్టరు మెకాస్కిల్‌గారు, సన్నటి మనిషి, బైబిలు చంకలో పెట్టుకుని. పెద్దలు ఆయన వెనక. పచ్చిక అంచున అందరూ ఆగిపోయారు.

"డోలీనమ్మా, ఏమిటమ్మా ఇది? నువ్వా?" అన్నాడు పాస్టరు.

"నేనేనండి. వేసిన పాపం నాది, దానికి జవాబు నేను చెప్పుకుంటాను. తీసే పాపం ఎవరిదో వాళ్ళు ముందుకు రండి."

పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒకాయన బూట్లు చూసుకున్నాడు. ఎవరి కాలూ కదల్లేదు.

అప్పుడే రోడ్డు మీద బుల్డోజరు మోత వినిపించింది. దాని ముందు పెటిగ్రూ కారు. ఖాళీ నేల చూడబోయి వందమందికి పైగా నల్లబట్టల జనాన్ని చూశాడు పెటిగ్రూ. కాస్త తడబడ్డా, దిగి చెయ్యి ఊపాడు.

"పోనియ్! ఆ గుడ్డలేగా. తొక్కించెయ్!"

వాటీ ఇంజను ఆపకుండానే కిందికి తొంగిచూశాడు. "ఏం గుడ్డలమ్మా అవి?"

"ప్రభు బల్ల గుడ్డలు బాబూ. వాటిలో మా తాతల నాటివీ ఉన్నాయి" అంది డోలీనా.

ఇంజను ఆగిపోయింది. వాటీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "సారూ, నా వల్ల కాదు. మా అమ్మ ఇంకా బతికే ఉంది."

"నీకు చేతకాకపోతే నేనే లాగి పారేస్తా!" అని పెటిగ్రూ దండెం వైపు నడిచాడు. అతనికి అడ్డంగా వెళ్ళి నిలబడింది మాత్రం, అక్క మీద కోపం ఇంకా చల్లారని యూవన్.

"అయ్యా, ఆదివారం మా ఊళ్ళో దండెం మీద గుడ్డ ఎవరూ ముట్టుకోరు" అన్నాడు.

"అది మీ ఆచారం. నాకేం?"

"మీరు నిలబడింది మా ఊళ్ళోనండీ."

యూవన్ గొంతు పెంచలేదు, ఎప్పుడూ పెంచడు. కానీ అతని వెనక బారబల్ వచ్చి నిలబడింది, ఆమె వెనక మిగతా ఆడవాళ్ళు, తమ తమ అత్తల దండేల కింద. పెటిగ్రూ కాసేపు బుసలు కొట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు డ్రమ్‌గార్వ్ బోసి బల్లల దగ్గరే రొట్టె విరిచింది. డోలీనా బల్ల దగ్గరికి వెళ్ళలేదు. బిళ్ళ జేబులో పెట్టుకుని సాయంత్రందాకా దండెం కింద రాయి మీదే కూర్చుంది.

సోమవారం పెద్దలు కూర్చున్నారు. ఆమెను పిలిచారు.

"చేసినదానికి పశ్చాత్తాపపడుతున్నావా?" అని అడిగాడు పాస్టరు. ఆ మనిషికి నిజంగానే బాధగా ఉంది.

"ఆదివారం చెడినందుకు దుఃఖముందండి. గుడ్డలు ఆరేసినందుకు మాత్రం లేదు. మళ్ళీ వస్తే మళ్ళీ ఆరేస్తాను."

"అంటే పశ్చాత్తాపం లేదా?"

"లేదండి."

పశ్చాత్తాపపడేదాకా బల్లకు దూరంగా ఉంచారు. యూవన్ పుస్తకంలో రాశాడు: "డోలీనా మాథెసన్, విశ్రాంతి దినాన, ఊరి ఆరవేత పచ్చిక మీద, బల్ల గుడ్డలు నాలుగు ఆరవేసినది. పశ్చాత్తాపం లేదు." రాసిందే మరోసారి చదువుకున్నాడు. ఇలాంటి తప్పుకు వెనకటి పెద్దలు ఏం శిక్ష వేశారో చూద్దామని బీరువాలోంచి పాత పుస్తకాలు దించాడు. గంట తర్వాత వాటిని చంకలో ఇరికించుకుని ఇంటికొచ్చాడు.

"అక్కా, ఇందులో నాయనమ్మ ఉంది."

"ఏం చేసిందట?"

"1898. శనివారం పొద్దు గూకాక ఊరి పచ్చిక మీద నాలుగు మేజోళ్ళు వదిలేసింది. మందలించారు."

"నాలుగేనా? మన వంశానికి అప్పుడింకా ధైర్యం రాలేదన్నమాట" అంది డోలీనా. నవ్వబోయి, తమ్ముడి ముఖం చూసి ఆగింది. "ఇంకా ఎవరున్నారు?"

"అందరూ ఉన్నారే! 1849లో ఒక పనిపిల్ల, 1862లో కమ్మరి పెళ్ళాం, 1871లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ప్రతిదాంట్లోనూ అదే మాట. ఊరి ఆరవేత పచ్చిక, ఊరి ఆరవేత పచ్చిక. బీడని ఒక్కచోట కూడా లేదు."

పెద్దల పుస్తకం చర్చి గుమ్మం దాటితేనే తప్పు. ఊరు దాటించాలంటే పెద్దలందరూ ఒప్పుకోవాలి. వాళ్ళు ఒప్పుకునేసరికి మంగళవారం ఎప్పుడో వెళ్ళిపోతుంది.

"అడుగుతావా?" అంది డోలీనా.

"అడగను" అన్నాడు యూవన్. ఆ ఒక్క మాట అనేసరికి అతనికి చెమటలు పట్టాయి.

మంగళవారం కోర్టులో ఎస్టేటు వకీలు పటం పరిచాడు. ఒక ముసలామె దండెం ఊరందరి హక్కు ఎలా అవుతుందని అడిగాడు. ఊరివాళ్ళందరూ తమకు తెలిసింది నోటిమాటగా చెప్పారు. జడ్జిగారు కళ్ళద్దాలు తుడుచుకుని, "రాసింది ఏదైనా ఉందా?" అన్నారు. యూవన్ లేచి, దుప్పటిలో చుట్టిన మూడు పుస్తకాలు బల్ల మీద పెట్టాడు. జడ్జిగారు చాలాసేపు పేజీలు తిప్పారు. మధ్యలో రెండుసార్లు ఆయన మీసం కదిలింది.

"వందేళ్ళకు పైగా మీ ఊరి ఆడవాళ్ళు ఈ పచ్చిక మీద తప్పు చేస్తూనే ఉన్నారన్నమాట."

"ఆదివారాలు మాత్రమేనండి. మిగతా ఆరు రోజులూ ఏ తప్పూ లేకుండా ఆరేసుకున్నాం" అంది డోలీనా.

మొన్నటి ఆదివారం గురించి రాసింది కూడా ఆయన పైకి చదివారు. ఆ రాసినవాళ్ళు ఈమెకు చుట్టాలు కారు, ఆమె మీద కోపంతో రాసినవాళ్ళు, కోపంలో కూడా ఆ నేలను ఊరిదనే అన్నారు కాబట్టి ఆ మాట తాను నమ్ముతున్నానన్నారు. రాసినవాడు తమ్ముడేనని తెలిసినా అదే తీర్పు ఇచ్చేవారని ఊరు ఇప్పటికీ వాదిస్తుంది. పచ్చిక ఊరికి మిగిలింది. తర్వాతి సోమవారం ఇరవై రెండు గుంజల మధ్య ఒక్క దండెం కూడా ఖాళీగా లేదు. బారబల్ ఉతికినవే మళ్ళీ ఉతికి తెచ్చి ఆరేసింది.

బల్ల మాత్రం డోలీనాకు మిగల్లేదు. ఏడాదికి రెండుసార్లు, ఆరాధనకు ముందు, మెకాస్కిల్‌గారు వచ్చి టీ తాగి అడిగేవాడు. "ఇప్పుడైనా?" ఆమె రొట్టె అందిస్తూ, "లేదండి" అనేది. ఒక్క అబద్ధం ఆడితే అయిపోయేది. బల్ల దగ్గర కూర్చోవడానికి అబద్ధమాడి వెళ్ళడం ఆమెకు చేతకాలేదు. గుడ్డలు మాత్రం ఆమే ఉతికింది, ఆమే పరిచింది. ముడతలు అరచేత్తో సర్ది, ఆఖరి బెంచీకి వెళ్ళి కూర్చుని, తను ఉతికిన గుడ్డల మీద ఊరంతా రొట్టె తినడం చూసేది. బాధ లేదంటే ఎవరూ నమ్మరు. గుడ్డలు ఆరేసిన ఆదివారం నాటి సీసపు బిళ్ళ ఏప్రన్ జేబులోనే ఉండేది. తిరిగిమ్మని ఎవరూ అడగలేదు. ఆమె ఇవ్వలేదు.

పదమూడేళ్ళు అలాగే ఉంది. 1979 ఫిబ్రవరిలో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది. శుక్రవారం పాతిపెట్టారు.

ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళే జనం పచ్చిక దగ్గర ఆగిపోయారు. డోలీనా దండెం మీద ఒక తెల్లగుడ్డ వేలాడుతోంది. క్లిప్పులన్నీ మధ్యలోనే పెట్టి ఉన్నాయి, ఒక కొస నేల మీద జీరాడుతోంది.

"మగాడి చెయ్యి" అంది బారబల్. ఆదివారం కాబట్టి ఎవరూ తియ్యలేదు.

సోమవారం పెద్దలు కూర్చున్నారు. ఎవరూ ఆ ఊసెత్తలేదు. యూవన్ తనంతట తానే పుస్తకం తెరిచి, కలం సిరాలో ముంచి, రాస్తూ పైకి చదివాడు. "యూవన్ మాథెసన్, చర్చి పెద్ద, విశ్రాంతి దినాన, ఊరి ఆరవేత పచ్చిక మీద, గుడ్డ ఒకటి ఆరవేసినాడు."

"యూవన్, అక్కడితో ఆపెయ్యవయ్యా" అన్నాడు మెకాస్కిల్‌గారు మెల్లగా. "నేనేమీ అడగలేదుగా."

"మీరు అడగకపోయినా చెప్పాలండి" అని, యూవన్ "పశ్చాత్తాపం లేదు" అని కూడా రాసి, సిరా ఆరేదాకా పుస్తకం తెరిచే ఉంచాడు.